ఎవరి పళ్ళెం వాళ్ళే

నేను వ్యాపారం మొదలుపెట్టిన రోజున నా చేతిలో నలభై కట్టల విస్తర్లు, బెజవాడ వన్‌టౌన్‌లో అద్దెకు తీసుకున్న సైకిలు, మా అమ్మ అన్న ఒక మాట ఉన్నాయి. విస్తర్లు వారంలో అమ్ముడుపోయాయి. సైకిలు తిరిగి ఇచ్చేశాను. మాట మాత్రం ముప్ఫై ఏళ్ళుగా నా దగ్గరే ఉంది. దాన్ని కొనేవాళ్ళూ లేరు, వెనక్కి తీసుకునేవాళ్ళూ లేరు.

“తిని పారేసే ఆకు అమ్ముతున్నావు. మంచి బేరమేరా పాదం. దాన్నెవరూ చూరులో దోపలేరు,” అంది అమ్మ. పాదం నా పేరు.

చూరు సంగతి చెప్పకపోతే మిగతా లెక్క అర్థం కాదు. మా ఊరు కంకిపాడు నుంచి లోపలికి ఆరు కిలోమీటర్లు. ఊరు మెరక మీద ఉంటుంది, మా పేట పల్లంలో ఉంటుంది. మా అమ్మ అమలమ్మ ఊళ్ళో రాయప్ప గారనే పెద్ద రైతు ఇంట్లో పనిచేసేది. మధ్యాహ్నం అన్నం వాళ్ళే పెట్టేవారు, కడుపు నిండా పెట్టేవారు. కానీ పళ్ళెం మాత్రం అమ్మదే. ఇంటి నుంచి ఒక సత్తు పళ్ళెం, సత్తు గ్లాసు పట్టుకెళ్ళింది. తిన్నాక తనే కడిగి, పశువుల కొట్టం చూరులో దోపి రావాలి. మర్నాడు అక్కడినుంచే తీసుకోవాలి. ఆ పళ్ళెం వాళ్ళ వసారా ఎక్కకూడదు. వాళ్ళూ మేమూ ఒకే గుడికి వెళ్ళేవాళ్ళం. ఆదివారం పూజలో ఒకే ఫాదర్ గారి చేతినుంచి సత్ప్రసాదం తీసుకునేవాళ్ళం. సోమవారం పొద్దున పళ్ళెం చూరులో ఉండేది.

నాకు సొంతంగా చిన్న కొట్టు ఏర్పడిన రోజున అమ్మ కూలి మానేసింది. ఆ సాయంత్రం చూరులోంచి పళ్ళెం తీసుకొచ్చి, మా పేట పక్క కాలువలో గిరాటు వేసింది. ఆ కాలువలో పడిన మొదటి పళ్ళెం మాదే. ఇది కూడా లెక్కలో రాసుకోవాలి.

విస్తర్ల నుంచి కాగితం పళ్ళేలకు, కాగితం నుంచి సిల్వర్ ప్లేట్లకు వచ్చాను. సిల్వర్ ప్లేటంటే కాగితం అట్ట మీద వెండిరంగు ప్లాస్టిక్ పొర. ఆకు ఎండితే విరుగుతుంది, తడిస్తే బూజు పడుతుంది. సిల్వర్ ప్లేటు గోడౌన్లో మూడేళ్ళున్నా నిన్న చేసినట్టే ఉంటుంది. ఏ సరుకు నిలవ ఉంటుందో వ్యాపారి దాని వైపే పోతాడు. గోడౌన్లో నిలవుండేది కాలువలో కూడా నిలవుంటుందని నాకు తట్టలేదు. తట్టినా ఏం చేసేవాణ్ణో చెప్పలేను.

ఈ వ్యాపారంలో మనుషుల్ని అంచనా వేయడం వస్తే చాలు. పెళ్ళికి వెయ్యిమంది వస్తారంటే పన్నెండు వందల పళ్ళేలు పంపాలి. దినభోజనానికి వెయ్యిమంది అంటే తొమ్మిది వందలు చాలు. రాజకీయ పార్టీవాళ్ళ భోజనానికి వాళ్ళు చెప్పినదాంట్లో సగం పంపితే చాలు. ముప్ఫై ఏళ్ళలో నా అంచనా తప్పి ఎక్కడా పళ్ళెం లేక ఒక మనిషి నిలబడలేదు. ఈ ఏడు దాకా.

ఏటా సెప్టెంబరు ఎనిమిదిన, మరియమాత పుట్టినరోజు నాడు, మా విచారణ గుడికి, అంటే ఒక ఫాదర్ గారి కింద ఉండే ఊళ్ళన్నిటి గుడికి, తిరునాళ్ళ. తొమ్మిది రోజులు నవదిన ప్రార్థనలు, పదో రోజు పూజ, ఆ మధ్యాహ్నం పద్నాలుగు వందల మందికి భోజనం. పందొమ్మిదేళ్ళుగా ఆ భోజనానికి పళ్ళేలు, గ్లాసులు నావే, ఉచితంగా. ఊరివాళ్ళూ పేటవాళ్ళూ పట్టాల మీద ఒకే బంతిలో కూర్చుంటారు. అందరి ముందూ ఒకే పళ్ళెం, తిన్నాక అందరూ ఒకే గోతిలో పారేస్తారు. మొదటి బంతి మొదటి చోటు మా అమ్మది. ఎవరూ కేటాయించలేదు, పందొమ్మిదేళ్ళు కూర్చుంది కాబట్టి అది ఆవిడది. ఆ రోజు ఇస్త్రీ చీర కట్టుకుని, పదకొండింటికే వెళ్ళి కూర్చునేది. ఏడాదిలో ఆవిడ ఎక్కడికీ వెళ్ళేది కాదు, ఆ చోటుకి తప్ప.

పోయినేడు తిరునాళ్ళయిన మూడో రోజున వాన పడింది. గోతిలోని పళ్ళేలు లేచి కాలువలో పడ్డాయి. కాలువ మా పేట దగ్గర రోడ్డు కింద తూములోంచి పోవాలి. పళ్ళేలు ఒకదాని మీద ఒకటి తూముకి అతుక్కున్నాయి. పొద్దున్నే లేచేసరికి మా ఇంట్లో మోకాళ్ళ లోతు నీళ్ళు. మంచం కింద నుంచి నా పళ్ళేలు తేలుతూ వచ్చాయి. గోడౌన్ నుంచి గుడికి, గుడి నుంచి నా ఇంటికి. సరుకు వాపసు రావడం చూశాను గాని, ఇలా రావడం చూడలేదు.

మా ఫాదర్ ఇన్నయ్య గారు కొత్తగా వచ్చినవారు, ముప్ఫై అయిదేళ్ళుంటాయి, మాది కాని జిల్లా. లుంగీ ఎగ్గట్టి తూములో దిగి, చేతుల్తో పళ్ళేలు లాగారు. నేనూ దిగాను. పదిహేడు గంపలు తీశాం. చివరి గంప ఎత్తుతూ ఆయన నన్నేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

తర్వాతి ఆదివారం ప్రసంగంలో అన్నారు: “మనం వాడి పారేసింది ఎక్కడికీ పోదు. మనకంటే పల్లంలో ఉన్నవాడి గుమ్మంలోకి పోతుంది. భూమి దేవుడిది, మనం కాపలావాళ్ళం. అవసరానికి మించి వాడటం, వాడి విసిరేయడం పాపమే. పాపసంకీర్తనంలో దొంగతనం చెప్పుకుంటారు, అబద్ధం చెప్పుకుంటారు. ఇది కూడా చెప్పుకోండి.”

నేను చెప్పుకున్నాను. మూడు మంగళవార్త జపాలు చెప్పమన్నారు. ఎన్ని పళ్ళేలకు ఒక జపమో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ఈ ఏడు జులైలో విచారణ సంఘం కూర్చుంది. పదకొండు మందిమి, గుడి పక్క బడి గదిలో.

“ఈసారి తిరునాళ్ళలో ప్లాస్టిక్ పళ్ళెం ఒక్కటి కూడా గేటు దాటకూడదు,” అన్నారు ఫాదర్ గారు.

అందరూ నా వైపు చూశారు. నేను ముందే లెక్క వేసుకుని వెళ్ళాను. “సప్లయి కంపెనీ నుంచి స్టీలు పళ్ళేలు తెప్పిద్దామండీ. అద్దె నేనే పెట్టుకుంటాను,” అన్నాను.

“పద్నాలుగొందల పళ్ళేలు. కడిగేదెవరయ్యా?” అన్నారు శౌరయ్య మాస్టారు.

శౌరయ్య మాస్టారు సంఘానికి పెద్ద. హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. నాకు ఎక్కాలు నేర్పింది ఆయనే. ఆ ఎక్కాలతోనే ఇన్నాళ్ళూ బతికాను. ఆయన ఆ మాట అనగానే గదిలో నలుగురైదుగురి కళ్ళు కిటికీలోంచి పేట వైపు వెళ్ళాయి. అలవాటు కొద్దీ వెళ్ళాయి, అంతే. కానీ ఫాదర్ గారు చూశారు. ఆయన ముఖం ఎర్రబడింది.

“ఒకరు తిన్నది ఇంకొకరు కడిగే పనే వద్దు. ఎవరి పళ్ళెం వాళ్ళు ఇంటినుంచి తెచ్చుకుందాం. ఎవరిది వాళ్ళు కడుక్కుందాం. నేనూ నా పళ్ళెం తెచ్చుకుంటాను, నేనే కడుక్కుంటాను.”

చప్పట్లు కొట్టారు. నా గుండెలో ఎక్కడో సత్తు పళ్ళెం కిందపడ్డ చప్పుడయింది.

“అరిటాకులు తెస్తానండీ,” అన్నాను తొందరగా. “మన చుట్టూ తోటలేగా.”

“పద్నాలుగొందల ఆకులు కోస్తే ఎవరి తోట మిగులుతుందోయ్? గెల మీదున్న చెట్టుకి ఆకు కోస్తే గెలేమైపోతుంది? అదీ వృథాయేగా,” అన్నారు మాస్టారు. పక్కనున్నాయన అందుకున్నాడు: “పాదంగారి బాధ ఆకు గురించి కాదులెండి. కల్లు దుకాణం వాడు మద్యనిషేధం మీటింగుకొచ్చినట్టుంది.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే నిజమనుకుంటారు.

అసలు మాట ఒకటుంది. అది చెప్తే అందరూ నోరు మూసుకునేవారు. “మా అమ్మ ఇరవై రెండేళ్ళు పళ్ళెం ఇంటినుంచి పట్టుకెళ్ళి, కడిగి, చూరులో దోపిందండీ. ఇప్పుడు గుడికి కూడా పట్టుకెళ్ళమంటే వెళ్ళదు” అని చెప్పాలి. ఆ చూరు ఎవరిదని అడిగేవారు. ఆ చూరు శౌరయ్య మాస్టారి నాన్నగారిది. రాయప్ప గారు ఆయన నాన్న. మాస్టారు ముందు ఏలూరులో ఉండి చదువుకున్నారు, తర్వాత పగలంతా బడిలోనే ఉండేవారు, కొట్టం చూరు వైపు ఎప్పుడూ చూసి ఉండరు. పదకొండుమందిలో లేచి, నాకు ఎక్కాలు నేర్పిన మనిషి మీద ఆ మాట వేయడం నాకు చేతకాలేదు. వ్యాపారి ఏ మాటైనా పలకకముందు దాని ధర కడతాడు. ఆ మాట ధర నేను కట్టలేకపోయాను.

పళ్ళేల నిర్ణయం ఆ ఆదివారం గుడిలో ప్రకటించారు. కరపత్రం వేశారు: ‘ఎవరి పళ్ళెం వాళ్ళే – ఇది మన భూమికి మనమిచ్చే కానుక.’

ఇంట్లో కరపత్రం చదివింది నా భార్య తెరేసమ్మ. తను కొండపల్లి పిల్ల, తండ్రి థర్మల్ పవర్ స్టేషన్లో పనిచేసేవాడు. చూరు సంగతి తనకు విన్నమాటే గాని కన్నది కాదు.

“బానే ఉందిగా అత్తయ్యా. మనింట్లో లేవా పళ్ళేలు? పిక్నిక్‌కి వెళ్ళినట్టు సంచిలో వేసుకుని పోదాం,” అంది.

“నువ్వు పో,” అంది అమ్మ.

“మీరో?”

“నేను మోసినన్నాళ్ళు మోశానమ్మా.”

“అది వేరు, ఇది వేరు కదా అత్తయ్యా. ఇప్పుడు అందరూ తెచ్చుకుంటారు. శౌరయ్య మాస్టారూ తెచ్చుకుంటారు.”

“ఆయన తెచ్చుకుంటే భూమికి కానుక. నేను తెచ్చుకుంటే పాత అలవాటు,” అంది అమ్మ. తర్వాత నా వైపు తిరిగి, “ఏరా, ఇంతమందికి పళ్ళేలమ్మావు, మీ అమ్మకి ఒక్క పళ్ళెం పెట్టించలేవా?” అంది.

నవ్వుతూనే అంది. నేను బెజవాడ బస్సు ఎక్కి కొట్టుకి పోయాను.

ఫాదర్ గారికి ఎవరో చెప్పారు, అమలమ్మ పళ్ళెం తేనంటోందని. ఆగస్టులో ఒక సాయంత్రం ఇంటికొచ్చారు. అమ్మ మంచం దులిపి కూర్చోబెట్టింది. తెరేసమ్మ టీ తెచ్చింది.

“అమలమ్మ గారూ, పోయినేడు మీ ఇల్లు మునిగింది,” అన్నారు ఆయన.

“మునిగిందండీ.”

“ఆ పళ్ళేల వల్లేగా?”

“అవునండీ. తమరు చేతుల్తో తీశారు. నేను చూశాను.”

“మరి మనం వాడి పారేయడం తగ్గించుకోవాలా, వద్దా?”

“తగ్గించుకోవాలండీ. నేను కొత్త చీర కొని ఆరేళ్ళయింది ఫాదర్ గారండీ. అన్నం మెతుకు పారేసి ఎరగను. ఇంకేం తగ్గించుకోమంటారో చెప్పండి, తగ్గించుకుంటాను.”

ఆయన గ్లాసు కింద పెట్టారు. “పళ్ళెం తెచ్చుకుంటే చాలు.”

“తేలేనండీ.”

“ఎందుకని?”

అమ్మ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. “చెయ్యి నొప్పండీ. ఎత్తలేను,” అంది అమ్మ. ఎదురుగా, పొయ్యి పక్కన, తను పొద్దున్నే నింపుకొచ్చిన ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను ఉంది. ఆయన దాన్ని చూశారు. లేచి నిలబడ్డారు.

ఆయన్ని సాగనంపుతూ తూము దగ్గర ఆపి, నేను చెప్పేశాను. పళ్ళెం, కొట్టం, చూరు, ఎవరి చూరు, అన్నీ. పది మందిలో చెప్పలేనిది ఒక్కరికి చెప్పాను. చిల్లర బేరం నాకెప్పుడూ సులువే.

ఆయన తూము గోడ మీద కూర్చున్నారు. “జులైలో ఎందుకు చెప్పలేదండీ మీరు?”

నేను వంగి, తూముకి అడ్డంపడ్డ పుల్ల ఒకటి లాగి పారేశాను.

“ఇప్పుడు మారిస్తే ఎందుకు మార్చానో చెప్పాలి. చెప్తే తిరునాళ్ళ ఉండదు, తగాదా ఉంటుంది. చెప్పకుండా మారిస్తే, పాదంగారు తన సరుకు కోసం మార్పించుకున్నారంటారు,” అన్నారు. తర్వాత, “పైగా నేను ప్రసంగంలో చెప్పింది అబద్ధం కాదుగా. ఆ ప్లాస్టిక్ పళ్ళేలు వద్దు. అది మాత్రం నేను వదలలేను,” అన్నారు.

“వదలొద్దండీ. నాలుగొందల అరిటాకులు నేను తెచ్చి పెడతాను. పళ్ళెం మర్చిపోయినవాళ్ళకి. ఎవరినీ అడగొద్దు, ఎందుకని చెప్పొద్దు,” అన్నాను.

ఆయన ముఖం తేరుకుంది. నాకూ తేలికైంది. ఎందుకంటే నేను లెక్క వేసుకునే చెప్పాను. పద్నాలుగు వందల మందిలో పళ్ళెం మర్చిపోయేవాళ్ళు కనీసం రెండు వందలు. ఊరి కుర్రాళ్ళు పళ్ళెం పట్టుకుని రావడానికి సిగ్గుపడతారు. పొరుగూళ్ళ చుట్టాలు ఒట్టి చేతుల్తో వస్తారు. వాళ్ళంతా ఆకుల్లోనే తింటారు. మా పేట నుంచి ఇంకో రెండు వందలు. అంతా కలిసిపోతారు. ఏ ఆకు ముందు ఎవరున్నారో ఎవరికీ తెలియదు. మా అమ్మ మొదటి బంతి మొదటి చోట ఆకు ముందు కూర్చుంటుంది. ముప్ఫై ఏళ్ళ అంచనా ఇది.

“ఆకుంటుందమ్మా. నువ్వు ఒట్టి చేతుల్తో రా,” అన్నాను అమ్మతో. ఆవిడ చీర ఇస్త్రీకి ఇచ్చింది.

తిరునాళ్ళ రోజు తెల్లవారుజామునే రెండు తోటల నుంచి, గెల కొట్టేసిన చెట్లవే చూసి, ఆకులు కోయించాను. తడి గోనెపట్టాల్లో చుట్టి షామియానా కింద పెట్టాను. పూజ అయింది. జనం చేతిసంచుల్లోంచి పళ్ళేలు తీశారు. పిల్లలు వాటిని డప్పుల్లా కొట్టారు. పేటవాళ్ళు చాలామంది ఒట్టి చేతుల్తో వచ్చారు. “అమలమ్మ పెద్దమ్మే పట్టుకెళ్ళదంట, మనకేంటి” అనుకున్నారు. నేను అనుకున్నదానికంటే వంద ఎక్కువే.

అప్పుడు గేటులోంచి ట్రాలీ ఆటో వచ్చింది. దాన్నిండా స్టీలు పళ్ళేలు. వెనకే శౌరయ్య మాస్టారు.

“మా ఇంట్లో శుభకార్యాలకి కొన్నవి ఉన్నాయిగా, రెండొందల యాభై,” అన్నారు నాతో సంతోషంగా. “చుట్టాలకీ, మర్చిపోయినవాళ్ళకీ ఉంటాయని తెచ్చాను. నీ ఆకుల ఖర్చు కూడా తప్పేదయ్యా, ఒక్క మాట చెప్తే.”

మైకులో చెప్పారు: “పళ్ళెం మరిచిపోయినవాళ్ళు శౌరయ్య మాస్టారి దగ్గర తీసుకోగలరు.” ఊరి కుర్రాళ్ళు తీసుకున్నారు. చుట్టాలు తీసుకున్నారు. పేటవాళ్ళు ఆ బల్ల దగ్గరికి వెళ్ళలేదు. ఎవరూ ఆపలేదు. కాళ్ళు వెళ్ళలేదు, అంతే. వాళ్ళు నా గోనెపట్టాల దగ్గరికి వచ్చి ఆకులు తీసుకున్నారు.

వడ్డించే కుర్రాడు సాంబారు బకెట్టుతో నిలబడి చూశాడు. ఆకు మీద సాంబారు నిలవదు, అన్నానికి గుంట చేసి పోయాలి, ఆలస్యమవుతుంది. తన పని సులువు కోసం గట్టిగా అరిచాడు: “ఆకులోళ్ళంతా ఇటు కూర్చోండి! పళ్ళేలోళ్ళు అటండీ!”

కూర్చున్నారు. నా కళ్ళముందే, నేను తెచ్చిన ఆకుల మీద, గుడి ఆవరణ రెండుగా చీలింది. ఇటు మూడు వందలమందికి పైగా, ఒక్క ఊరివాడు లేడు. అటు వెయ్యి మంది పైచిలుకు, పేటవాళ్ళు వేళ్ళమీద లెక్క. వాళ్ళలో తెరేసమ్మ ఒకతి, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూస్తోంది. మనుషుల్ని ఇలా వేరు చేసే తెలివి ఏ ప్లాస్టిక్ పళ్ళేనికీ లేదు.

అమ్మ మొదటి బంతి మొదట్లో, ఆకు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. ఆ చోటు పళ్ళేలవాళ్ళ వైపుకి వచ్చింది.

మాస్టారు చూశారు. ఒక పళ్ళెం తీసుకుని, తనే నడిచి వచ్చారు.

“ఏంటి అమలమ్మా, నిలబడిపోయావు? ఏటా మొదట కూర్చునే మనిషివి. ఆ ఆకు అటివ్వు. ఇదిగో, మా ఇంటి పళ్ళెం. కూర్చో.”

అమ్మ ఆకు కింద పరిచినట్టుగా పెట్టి, పళ్ళెం రెండు చేతులా అందుకుంది. తిప్పి చూసింది. అంచు మీద పేరు కొట్టి ఉంది. అమ్మకు చదువు రాదు.

“ఏం రాసుందిరా?” అంది నాతో.

“రాయప్ప గారి పేరమ్మా.”

ఆవిడ ముఖంలో ఏదో కదిలింది. ఇరవై రెండేళ్ళు వసారా ఎక్కని మనిషి చేతికి ఆ ఇంటి పళ్ళెం, ఆ పేరున్న పళ్ళెం, ఆ ఇంటి కొడుకే తెచ్చి ఇచ్చాడు. ఒక్క క్షణం, ఆవిడ కూర్చుంటుందనుకున్నాను. మోకాలు వంచింది కూడా. మళ్ళీ ఆగింది.

“తిన్నాక కడిగివ్వాలా బాబూ?”

“ఆఁ, కడిగి అదిగో ఆ చివర గట్టు మీద బోర్లించెయ్. ఈ ఏడు అందరం కడుక్కునేదేగా!” అన్నారు మాస్టారు నవ్వుతూ.

ఆ మాటలో తప్పు లేదు. ఆయన పళ్ళెం ఆయనా కడుక్కుంటారు. ఫాదర్ గారూ కడుక్కుంటారు. ఎన్నిసార్లు తిరగేసి చూసినా ఆ మాటలో నాకు తప్పు దొరకలేదు.

అమ్మ పళ్ళేన్ని చప్పుడు కాకుండా పట్టా మీద పెట్టింది. “ఆకలి లేదు బాబూ,” అంది. గేటు వైపు నడిచింది. ఇస్త్రీ చీర మడతలు కూడా చెదరలేదు.

“ఏమైందోయ్ మీ అమ్మకి?” అన్నారు మాస్టారు. నిజంగానే అడిగారు. ఆయనకు తెలియదు.

చెప్పడానికి రెండో అవకాశం అది. వెయ్యిమంది చూస్తున్నారు. అన్నం వడ్డిస్తున్నారు. ఆయన చేతిలో ఇంకో పళ్ళెం ఉంది, ఇంకెవరికో ఇవ్వడానికి.

“ఎండకి కళ్ళు తిరిగినట్టున్నాయండీ,” అన్నాను.

ఫాదర్ గారు తన పళ్ళెం పక్కన పెట్టి, ఆకుల బంతిలో వచ్చి కూర్చున్నారు. అయినా ఆకులన్నీ ఇటే ఉన్నాయి, పళ్ళేలన్నీ అటే ఉన్నాయి. ఫాదర్ గారు పేట పక్షమని సాయంత్రానికే ఊళ్ళో అనుకున్నారు. అది ఆయన సంపాదన.

అమ్మ వదిలిన ఆకులో కుర్రాడు చూసుకోకుండా అన్నం వడ్డించేశాడు, కూర కూడా వేశాడు. వడ్డించినది పారేయడం పాపమని తొమ్మిది రోజులూ నవదినాల్లో విన్నాం. నేను ఆ ఆకు ముందు కూర్చుని తిన్నాను.

తిరునాళ్ళయిన నాలుగో రోజు రాత్రంతా వాన కురిసింది. పొద్దున్నే లేచి గుమ్మంలోకి వచ్చాను. కాలువ నిండుగా వెళ్తోంది. తూము నోరు తెరుచుకుని మొత్తం మింగేస్తోంది. ఒక్క పళ్ళెం లేదు. అమ్మ అప్పటికే గుమ్మంలో కూర్చుని చూస్తోంది.

“పోతున్నాయిరా నీళ్ళు,” అంది. “ఫాదరు మంచోడే. ఆయన చెప్పింది నిజమే.”

“వచ్చే ఏడు వేరేగా చేద్దామమ్మా. ముందే కూర్చుని మాట్లాడదాం.”

“చేసుకోండి. నన్ను మాత్రం పిలవకు. ఆ అన్నం ఇంటికి పట్టుకొచ్చి కూడా పెట్టకు.”

లెక్క తేల్చాలి కాబట్టి తేలుస్తున్నాను. తెచ్చిన ఆకులు నాలుగు వందలు. పరిచినవి మూడు వందల పన్నెండు. అవీ, మిగిలినవీ గేదెలు తిన్నాయి. కాలువలో పడ్డవి లేవు. మా తిరునాళ్ళ సంగతి విని ఇంకో రెండు విచారణలవాళ్ళు ఇలాగే చేస్తామని వచ్చి, స్టీలు పళ్ళేలు నా కొట్టు ద్వారానే తెప్పించుకున్నారు. ఇచ్చాను. అంచు మీద పేర్లు కొట్టించొద్దని మాత్రం చెప్పాను. ఎందుకని అడిగితే చెప్పలేదు. సిల్వర్ ప్లేట్లు అమ్మడం మానలేదు. మానేస్తే పక్క కొట్టువాడు అమ్ముతాడు, అవి ఇంకో ఊరి తూముకే పోతాయి.

ముప్ఫై ఏళ్ళ తర్వాత చేతికొచ్చింది ఇదీ: వానాకాలంలో తడవని గుమ్మం ఒకటి. ఆ గుమ్మంలో మా అమ్మ కూర్చుని ఉంటుంది.